నా పేరుతో జవాబిచ్చే పెట్టె

మార్కాపురం
12 ఫిబ్రవరి 2024

తమ్ముడు మాల్యాద్రికి,

ఆశీస్సులు ఉత్తరం చివర్లో ఇస్తాను, అప్పటికి ఏమన్నా మిగిలితే.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో పది సంగతులు చెబితే పదిసార్లు "సరే అక్కా" అంటావు. మర్నాడు అడిగితే "ఏ సంగతి?" అంటావు. కాగితమైతే నీ బల్ల మీద పడి ఉంటుంది, కాదనడానికి వీలుండదు. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి. మార్కాపురానికీ గిద్దలూరుకూ మధ్య తపాలా ఇంకా నడుస్తోంది, కనుక్కున్నాను.

నువ్వు కట్టిన వెబ్‌సైట్ చూశాను. నాలుగేళ్ళుగా నేను కొర్రలు, సజ్జలు, జొన్నలు ఏరి, కడిగి, ఎండబెట్టి, మర పట్టించి, ఇంటి ముందు గదిలోంచి అమ్ముతున్నాను. కొనేవాళ్ళు ఎవరెవరో నాకు తెలుసు. ఏ ఊరు, ఇంట్లో ఎందరు, ఎవరికి షుగర్, ఎవరు ఏ పూట మాత్రలు వేసుకుంటారు, ఎవరికి పళ్ళు ఊడి పిండి మెత్తగా కావాలి, అన్నీ పుస్తకంలో రాసుకుంటాను. దసరాకు వచ్చి, "ఇదంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తే నీ పిండి ఎక్కడికైనా పోతుంది అక్కా" అన్నావు. నలభై రెండేళ్ళ మనిషివి, ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నావు, నీకు తెలిసే ఉంటుందనుకున్నాను.

మా ఇల్లు ఎక్కడో చూపించడానికి పటం పెట్టావు. దాన్ని నమ్ముకుని వచ్చినవాడు మా ఇంటికి రాడు, పలకల ఫ్యాక్టరీ వెనక విరిగిన రాళ్ళ గుట్టకు పోతాడు. మొన్న బేస్తవారిపేట నుంచి ఒకాయన అక్కడ అరగంట తిరిగి, కాలు కోసుకుని, చివరికి పాలబూతులో అడిగి వచ్చాడు. "ఏందమ్మా, మీరు రాళ్ళు గూడ పిండి పట్టిస్తారా?" అన్నాడు.

తర్వాత ఆ భాష మార్చే మీట. ఇంగ్లీషులో రాసినదాన్ని అది తెలుగు చేస్తుందట. చేసింది. కొర్రలను ఇంగ్లీషులో ఫాక్స్‌టెయిల్ మిల్లెట్ అంటారట, కొర్రపిండిని "నక్కతోక చిరుధాన్యపు పిండి" చేసింది. జల్లెడ పట్టే వెంకటరత్నమ్మ ఫోన్లో అది చదివి, "అక్కా, మనం నక్కతోకలు ఎప్పటికాడ్నించి అమ్ముతాన్నాం? ఫారెస్టోళ్ళు వచ్చి పట్టుకపోతారు" అంది. తెలుగువాళ్ళకు తెలుగు పిండి అమ్మడానికి ఇంగ్లీషులో రాసి, దాన్ని మళ్ళీ తెలుగు చేయడానికి ఎవరినో పిలిచిన తెలివి మన వంశంలో నీకే వచ్చింది.

అన్నిటికంటే గొప్పది కింద మూలన గుండ్రంలో నా ఫోటో. మన పవన్ కుమార్ పెళ్ళిలో ఎవరో తీసింది. నొక్కితే, "నేను కోటిరత్నాన్ని. మీకు ఎలా సహాయపడగలను?" అంటుంది. యాభై ఒక్క ఏళ్ళలో నేను ఎవరినీ అలా అడగలేదు. "ఏం కావాల?" అని అడుగుతాను. మీ బావ దుకాణంలో కూర్చుని దాంతో గంటసేపు మాట్లాడి వచ్చి, "ఈ కోటిరత్నమే నయం, ఎదురు చెప్పదు" అన్నారు.

ఈ ముగ్గురూ ఎవరు? ఎవరి మనుషులు? నన్ను అడక్కుండా నా ఇంట్లోకి ఎందుకు వచ్చారు? రాయి.

ఆశీస్సులు మిగల్లేదు.

కోటిరత్నం

*

గిద్దలూరు
20 ఫిబ్రవరి 2024

అక్కకు,

నీ ఉత్తరం సెంటర్లో అందరిముందూ విప్పాను. తప్పు చేశాను. నక్కతోక సంగతి ఇప్పుడు గిద్దలూరంతా తెలుసు.

ఆ మూడూ నేను తయారు చేసినవి కావు. బయటి కంపెనీలవి. వాళ్ళ దగ్గర ఖాతా తెరిస్తే నాలుగు వరుసల కోడ్ ఇస్తారు. దాన్ని మన పేజీలో అతికిస్తే వాళ్ళ పటం, వాళ్ళ అనువాదం, వాళ్ళ జవాబుల పెట్టె మన పేజీలో పనిచేస్తాయి. పెద్ద పెద్ద సైట్లన్నీ ఇలాగే కడతారు. నీకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, మన ఇంట్లో పెళ్ళి జరిగితే షామియానా మనం కుట్టం, మేళం మనం వాయించం, వంటా మనం చేయం. అందరూ బయటినుంచే వస్తారు. అయినా పెళ్ళి మనదే కదా.

పటంలో గుర్తు జరిపాను, ఇప్పుడు సరిగ్గా మీ గడప దగ్గర ఉంది. అనువాదం తీసేసి పేజీ మొత్తం నేనే తెలుగులో టైపు చేశాను.

జవాబుల పెట్టెను మాత్రం ఉండనీ. "కొర్రలు ఎంతసేపు నానబెట్టాలి" అని రోజుకు ఇరవై మంది అడుగుతున్నారనీ, చెప్పి చెప్పి గొంతు పోతోందనీ నువ్వే అన్నావు. అచ్చం నీలాగే చెప్పేటట్టు దానికి నేర్పాను. ఎలా నేర్పానో రాస్తే నీకు విసుగు. పని సంగతులు అవి.

బావకు నమస్కారాలు. ఆ రెండో కోటిరత్నాన్ని మరీ మెచ్చుకోవద్దని చెప్పు.

మాల్యాద్రి

*

మార్కాపురం
18 మార్చి 2024

మాల్యాద్రికి,

పెళ్ళి పోలిక బాగుంది. మేళంవాడు వాయించి పోతాడు, మగపెళ్ళివారి ముందు కూర్చుని మన తరఫున మాట ఇవ్వడు. నువ్వు పిలిచినవాడు ఇస్తున్నాడు.

పుల్లలచెరువు చిన్నయ్య నీకు తెలియదు. గొర్రెలు కాసుకుంటాడు, నెలకోసారి సజ్జలు తీసుకుపోతాడు. ఈసారి వాళ్ళ కోడలి చేత ఫోన్లో అడిగించాడట: "అక్కా, మొన్న తెచ్చిన సజ్జల్లో పురుగు పడింది." నీ పెట్టె జవాబు: "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు! మా సజ్జలు మీకు నచ్చినందుకు సంతోషం." చిన్నయ్య ఎండలో రెండు బస్సులు మారి, సంచి భుజాన వేసుకుని వచ్చాడు. సంచి నా ముందు కుమ్మరించి, "నచ్చినయ్ తల్లీ, పురుగులకి" అన్నాడు. సజ్జలు మార్చి ఇచ్చాను. ఆ పూట మజ్జిగన్నం కూడా మా ఇంట్లోనే తిన్నాడు.

కొత్తవాళ్ళు వస్తున్నారు, కాదనను. ముప్పై నాలుగు మంది పెరిగారు. నా పుస్తకంలో వాళ్ళకు పేరూ పిన్‌కోడూ తప్ప ఏమీ లేదు. దాన్ని పుస్తకం అనరు, ఓటర్ల జాబితా అంటారు. నా దగ్గరికి మనిషి వస్తే వయసెంత, మాత్రలు ఏమేం వేసుకుంటున్నారు, కిడ్నీ ఇబ్బంది ఏమన్నా ఉందా అని అడుగుతాను. ఆ తర్వాతే సంచి చేతికిస్తాను. నీ పెట్టె ఎవరినీ ఏమీ అడగదు. ఎవరేమడిగినా తడుముకోకుండా చెప్పేస్తుంది. తెలియదు అనడం ఒక్కసారి కూడా చూడలేదు. అలాంటి మనుషులు మన బంధువుల్లోనే చాలామంది ఉన్నారు, ఇంకొకరిని కంపెనీ నుంచి తెప్పించాల్సిన పని లేదు.

నా ఫోటో తీసేయి. నా పేరు తీసేయి. అది చెప్పేవి దాని మాటలని తెలిసేటట్టు చేయి.

కోటిరత్నం

*

గిద్దలూరు
27 మార్చి 2024

అక్కకు,

ఫోటో తీసేశాను. పేరు ఉంచాను. దుకాణం పేరే "కోటిరత్నం చిరుధాన్యాలు" అయినప్పుడు పెట్టెకు ఇంకొకరి పేరు పెడితే జనం ఎవరో అనుకుంటారు. కింద చిన్న అక్షరాల్లో "ఇవి యంత్రం ఇచ్చే జవాబులు" అని పెట్టాను.

జబ్బుల గురించి ఎవరైనా అడిగితే జవాబు చెప్పకుండా ఆ ప్రశ్న నీ ఫోన్‌కు పంపే ఏర్పాటు ఒకటి ఆ కంపెనీవాళ్ళ దగ్గర ఉంది. దానికి నువ్వు ఫోన్ దగ్గర ఉండాలి. నువ్వేమో పప్పుల డబ్బాల పక్కన పెట్టి సాయంత్రం దాకా మర్చిపోతావు. జవాబు రాకపోతే కొనేవాళ్ళు వెళ్ళిపోతారు. అందుకని అది పెట్టలేదు. అయినా మనం అమ్మేది పిండే కదా, దానికి ఇంత భయమెందుకు?

చిన్నయ్యకు నా తరఫున క్షమాపణ చెప్పు.

మాల్యాద్రి

*

మార్కాపురం
9 మే 2024

మాల్యాద్రీ,

పెట్టె ఆపమని నిన్న ఫోన్లో చెప్పాను, ఆపావు. మిగతాది కాగితం మీద చెబుతాను, సరిగా కూర్చుని చదువు.

నిన్న పదకొండు గంటలకు త్రిపురాంతకం నుంచి నాగులు వచ్చాడు. ఆటో నడుపుతాడు. వాళ్ళమ్మ రాఘవమ్మ అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసింది. అరవై నాలుగేళ్ళు. మూడేళ్ళుగా నా దగ్గర కొర్రలు కొంటోంది. నా పుస్తకంలో ఆమె పేజీలో ఉన్నది అలాగే ఎత్తి రాస్తున్నాను: "షుగర్ పన్నెండేళ్ళు. మాత్రలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఎడమ పాదం తిమ్మిరి. ఒంటరిగా బస్సులో వస్తుంది, చెప్పులు వేసుకోమని చెప్పాలి."

నాగులు ఫోన్ తెచ్చి పిండి బల్ల మీద పెట్టాడు.

"ఏందమ్మా ఇది? నువ్వేనా రాసింది?"

మార్చి ముప్పైన రాఘవమ్మ ఎండకు జడిసి, బస్సెక్కకుండా ఇంటినుంచే అడిగింది: "రోజూ రెండు పూటలు కొర్రన్నం తింటున్నా. మాత్రలు వేసుకోవాల్నా?" జవాబు: "అమ్మా, కొర్రలు రెండు పూటలా తింటే షుగర్ అదుపులో ఉంటుంది. మాత్రల అవసరం ఉండదు. ఇంకా ఏమైనా సహాయం కావాలా?"

మర్నాటి నుంచి ఆమె మాత్రలు మానేసింది. ఏప్రిల్లో ఎడమ పాదానికి తుమ్మముల్లు గుచ్చుకుంది. తిమ్మిరి పాదం, తెలియలేదు. తెలిసేసరికి వేళ్ళు నల్లబడ్డాయి. ఇప్పుడు ఒంగోలు ఆసుపత్రిలో ఉంది. చీము ఎంతదాకా పోయిందో చూసి చెబుతామన్నారు. అదృష్టం బాగుంటే వేళ్ళతో పోతుంది. లేకపోతే మోకాలి కింద నుంచి.

నేను, "అది నేను రాయలేదు నాగులూ, మిషను రాసింది" అన్నాను.

"మిషనుకి నీ పేరెందుకు పెట్టుకున్నావమ్మా మరి?"

నేను నీకు మార్చిలో రాసిన మాటే నాగులు నన్ను అడిగాడు. వెంకటరత్నమ్మ జల్లెడ పక్కన పెట్టి, "అది మనోళ్ళది గాదు నాయనా, యాడనో కంపెనీ వాళ్ళది" అంది.

"కంపెనీ వాళ్ళు మాయమ్మని అమ్మా అంటారా? ఆమెని అట్ల పిలిచేది మార్కాపురంలో ఈయమ్మొక్కతే."

అరవలేదు, తిట్టలేదు. ఫోన్ తీసుకుని, పిండి అంటితే లుంగీకి తుడుచుకుని పోయాడు.

నాలుగు వరుసలు అతికించానని రాశావు. ఇరవై ఏళ్ళుగా నువ్వు చేసింది అదే. ఆధార్ ఫారానికి ఫోటో అతికించావు, పరీక్ష దరఖాస్తుకు సంతకం అతికించావు, ఇప్పుడు నా పేరుకు ఎవడిదో నోరు అతికించావు. ఆ నోట్లోంచి ఏం వస్తుందో ఒక్కరోజు కూర్చుని వినలేదు. జబ్బుల ప్రశ్నలు నా ఫోన్‌కు పంపే ఏర్పాటు ఉందని తెలిసి కూడా, అక్క ఫోన్ చూడదులే అని వదిలేశావు. మనం అమ్మేది పిండేనట. ఆ కాగితం నా దగ్గర ఉంది. నాగులుకు చూపించమంటావా?

ఆ మాట ఆ పెట్టెకు ఎవరు చెప్పారు? అది కావాలి నాకు.

కోటిరత్నం

*

గిద్దలూరు
13 మే 2024

అక్కకు,

నువ్వు తిట్టినవన్నీ నిజమే.

నిన్న ఒంగోలు పోయి వచ్చాను. రాఘవమ్మ నిద్రపోతోంది. నాగులు వరండాలో కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పాను, పెట్టె పెట్టింది నేనేనని కూడా చెప్పాను. చేతిలో ఉన్న మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "టీ తాగుతావా అన్నా?" అన్నాడు. తాగలేకపోయాను.

ఆపరేషన్ ఎక్కడిదాకా అన్నది ఇంకా తేలలేదు.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందని అడిగావు. కంపెనీవాళ్ళ పొరపాటు అనుకో. వద్దంటే నాది అనుకో. ఇక ఆ విషయం తవ్వకు అక్కా, దానివల్ల ఆమె కాలికి ఏమీ ఒరగదు. అక్కడ నేను చేయగలిగింది నేను చూసుకుంటాను.

మాల్యాద్రి

*

మార్కాపురం
17 మే 2024

మాల్యాద్రికి,

అనుకోను. పప్పులో రాయి వస్తే ఏ బస్తాలోంచి వచ్చిందో చూస్తాను గానీ, ఏదో ఒక బస్తా అనుకోను.

ఆరోజు అంత మాటకారివి, పెళ్ళిళ్ళూ షామియానాలూ చెప్పావు. ఇప్పుడు మూడు వాక్యాల్లో ముగించావు. నీ సంగతి నాకు తెలుసు. ఎనిమిదేళ్ళప్పుడు నాయన దుకాణంలో బెల్లం తిని, "చీమలు" అన్నావు. చీమలు ఎన్ని అని అడిగితే ఏడ్చావు.

నేను ఇంకా ఒంగోలు పోలేదు. ఏమని పోను? "అమ్మా, ఎవరిదో పొరపాటు" అనా? ఆ మాట ఎవరిదో తెలుసుకుని, ఆ పేరు ఆమె ముందు పెడతాను. కంపెనీదైతే కంపెనీ పేరు. నీదైతే నీ పేరు, తమ్ముడని ఆగను.

ఆ పెట్టె ఒక్కో జవాబుకూ మూలం ఏమిటో చూపిస్తుందని నువ్వే ఒకసారి గొప్పగా చెప్పావు. చూసి రాయి. తేదీతో సహా కావాలి.

కోటిరత్నం

*

గిద్దలూరు
22 మే 2024

అక్కా,

నువ్వు అడిగావు గనక రాస్తున్నాను.

దసరాకు వచ్చినప్పుడు నీ ఫోన్ తీసుకుని, కొనేవాళ్ళకు నువ్వు పంపిన మెసేజీలన్నీ తీసుకోవచ్చా అని అడిగాను. "తీసుకో, దాచేదేముంది" అన్నావు. మూడేళ్ళ మెసేజీలు. నానబెట్టడం, ఉడికించడం, రొట్టెలు, రవ్వ, అన్నిటికీ నీ జవాబులే అందులో ఉన్నాయి. వాటినే పెట్టెకు ఎక్కించాను. కంపెనీవాళ్ళు పలకరింపులూ ధన్యవాదాలూ తప్ప సొంతంగా ఒక్క మాట కూడా కలపలేదు. నీలాగే చెబుతుందని రాసింది అందుకే.

ఆ జవాబుకు మూలం ఇది: "అమ్మా, కొర్రన్నం రెండు పూటలా తిను, మాత్రల డబ్బా మూలన పడేస్తావు చూడు." ఇదే మాట, కొంచెం అటూ ఇటూగా, నలభై ఒక్క మందికి పంపావు. వాళ్ళలో రాఘవమ్మ ఉంది. 2022 జూలై పద్నాలుగు.

నన్ను అతికించేవాడన్నావు. సరే. అతికించింది నీ నోటినే.

ఇంతవరకూ కోపంతో రాశాను. కొట్టేద్దామనుకున్నాను గానీ ఉంచుతున్నాను. నువ్వు ఆ మాట అనేముందు ఏమేం అడుగుతావో, అనేటప్పుడు ఎలా నవ్వుతావో నేను చూశాను. ఆ అడగడమంతా నోటితోనే చేస్తావు, మెసేజీల్లో ఉండదు. అడిగినవి దానికి ఎక్కలేదు, చివరి మాట ఒక్కటే ఎక్కింది. ఎక్కించేటప్పుడు చదివి ఉంటే నాకు తెలిసేది. చదవలేదు. అది నా తప్పే, నీకు పంచను.

ఇంకొకటి. రాఘవమ్మ కాక ఇంకా పదిహేడు మంది పెట్టెను అదే అడిగారు, అదే జవాబు తీసుకున్నారు. అందరికీ మెసేజీ పెట్టాను. ఎవరూ బదులివ్వలేదు. పేర్లూ నంబర్లూ వెనక కాగితంలో ఉన్నాయి.

మాల్యాద్రి

*

మార్కాపురం
2 జూన్ 2024

మాల్యాద్రికి,

నలభై ఒకటి అని రాశావు. నా ఫోన్ ముందు పెట్టుకుని రెండు రోజులు చూశాను. నలభై మూడు. ఇద్దరికి గొంతుతో పంపాను, అవి నువ్వు పట్టుకోలేదు. ఇందులో కూడా నీ పని సగమే.

మొన్న ఆదివారం ఒంగోలు పోయాను. ఎడమ కాలి బొటనవేలూ, దాని పక్క వేలూ తీసేశారు. కాలు నిలిచింది. పుండు ఆరుతోంది, ఇంకో వారంలో ఇంటికి పంపుతామన్నారు. రాఘవమ్మ మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటోంది. నన్ను చూసి నాగులు కుర్చీ జరిపి బయటికి పోయాడు.

దారంతా తయారు చేసుకున్న మాట చెప్పాను. "అమ్మా, మిషను చెప్పిన ఆ మాట నాదే. నా మెసేజీలోంచే దానికి పోయింది. తప్పు నాది."

"తెల్సులే" అంది. "నాక్కూడ పంపినావు గదా ముందటేడు. మీ ఇంటి కాడ ఎన్ని తూర్లు అన్లేదు?"

"మరి అప్పుడు మాత్రలు మానలేదు కదా నువ్వు?"

బత్తాయి తొన నోట్లో పెట్టుకోబోయి ఆగింది. నవ్వింది మాల్యాద్రీ. ఎగతాళి కాదు, చిన్నపిల్ల అడిగినదానికి నవ్వినట్టు నవ్వింది.

"అమ్ముకునేటోళ్ళు అట్లనే అంటారమ్మా. గాజులాయన ఈ గాజులు నీ చేతికే పుట్టినయ్ అంటాడు. నమ్ముతామా? నీ పిండి బాగుంటది, కొన్నా. నువ్వు మంచీ చెడ్డా అడుగుతావు, కూసుంటా. నీ మాట నేనెప్పుడు నమ్మినా?"

"మరి మిషను చెబితే?"

"దానికేం పట్టింది నాకు అబద్ధం చెప్పను? దానికేమన్నా దుకాణముందా?"

నా పేరు కింద చిన్న అక్షరాల్లో నువ్వు పెట్టిన ఆ వరుస, "ఇవి యంత్రం ఇచ్చే జవాబులు" అని, ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివిందట. అది చూసే నమ్మిందట. తెలిసేటట్టు చేయమని పట్టుబట్టింది నేనే.

నాలుగేళ్ళుగా నేను ఎవరినీ లెక్కచేయలేదు. నిన్నూ, మీ బావనూ, పటాన్నీ, పెట్టెనూ. నా మాటకు ఊళ్ళో ఉన్న విలువ ఎంతో నాకు తెలుసనుకున్నాను. రాఘవమ్మ పోను మిగతా నలభై రెండు మందికీ ఫోన్ చేసి, మాత్రలు మానలేదు కదా అని అడిగాను. ఒక్కరూ మానలేదు. బేస్తవారిపేట ఆవిడ, "అయ్యో, అది నిజంగా అన్నావా వదినా? నేను యాపారం మాటనుకున్నా" అంది. అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, నన్ను నమ్మలేదు గనక.

ఇక నువ్వు పంపిన పదిహేడు మంది. అందరికీ ఫోన్ చేశాను. పద్నాలుగు మంది అడిగి ఊరుకున్నారు, మాత్రలు వేసుకుంటూనే ఉన్నారు. ముగ్గురు మానేశారు. వాళ్ళలో ఒకావిడ భయపడి వెంటనే మొదలుపెట్టింది. కంభం దగ్గర ఏబేలు అని ఒకాయనా, మీ గిద్దలూరులోనే ఒక రిటైరైన టీచరమ్మా వినడం లేదు. నేను ఎవరో చెప్పాను, ఆ సైటు నాదేనని చెప్పాను. ఏబేలు, "నువ్వు పిండి అమ్మేదానివి గదమ్మా, నీకేం తెల్సు? నేను కంప్యూటర్లో చూసినా" అన్నాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. టీచరమ్మ, నేను ఏదో మందుల కంపెనీ మనిషినని అనుకుంది. ఆమె ఇంటికి నువ్వు పో. ఏబేలు దగ్గరికి మీ బావతో నేను పోతాను. కానీ పోయినా వింటారని నాకు నమ్మకం లేదు.

అందుకని, ఆ పెట్టెను మళ్ళీ తెరువు.

నా పేరు వద్దు, ఎవరి పేరూ వద్దు. నా మెసేజీలన్నీ తుడిచేయి. ఎవరు ఏమడిగినా ముందు ఆ ఇద్దరికీ, తర్వాత వచ్చేవాళ్ళందరికీ అది ఒకే మాట చెప్పాలి: "మాత్రలు మానొద్దు. మానేసి ఉంటే ఈ రోజే డాక్టరును అడిగి మళ్ళీ వేసుకోండి." జబ్బు సంగతి ఇంకేమడిగినా నా ఫోన్‌కు పంపే ఆ ఏర్పాటు పెట్టు. ఫోన్ ఇప్పుడు నా కొంగుకు కట్టుకుని ఉంది, వెంకటరత్నమ్మ నవ్వుతోంది.

ఆ రెండు వాక్యాల్లో అక్షరం మార్చకు. నేను చెబితే విననివాళ్ళు దాని నోటితోనన్నా వింటారు. తెరిచాక మొదట ఏబేలు నంబరుకు పంపించు. ఆయన చదివాడో లేదో ఆ పెట్టెలో కనబడుతుందన్నావు కదా. చదివిన తేదీ, గంట నాకు రాయి.

కోటిరత్నం